తోకమ్మ పరుగు

వదినా,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అని కంగారుపడకండి, కొంపలేమీ మునగలేదు. మా ఇంట్లో ఒక గదిలో తుమ్మితే రెండో గదిలో చిరంజీవ అంటారు. అందుకని కాగితం పట్టుకున్నాను. శనివారం మధ్యాహ్నం, మీ తమ్ముడు భోంచేసి నిమ్మకు నీరెత్తినట్టు కునుకు తీస్తున్నారు. నేనేమో పొద్దున్నుంచి కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మా అద్దాల షాపులో ఒకాయన కళ్లజోడుకి కుడి కంటి అద్దాన్ని ఎడమ కంటి కొలతకు అరగదీసేశాను. చక్రం ఆపి చూసుకుంటే గోళ్ల సందుల్లో తెల్లటి బురద తప్ప పనికొచ్చేది ఏమీ మిగల్లేదు. ఓనరు బల్లకింద నా కాళ్లకేసి చూశాడు. కూర్చున్నచోటే పరిగెడుతున్నాయట.

రేపు మా చివరి పెద్ద పరుగు. ముప్ఫై రెండు కిలోమీటర్లు. కాలవగట్టు వెంట పంపుహౌసు దాకా వెళ్లి, దాని ఇనప తలుపు ముట్టుకుని వెనక్కి రావాలి. ఆ తర్వాత మూడు వారాలు ఒళ్లు కూడదీసుకోవడమే, ఆపైన మారథాన్. కానీ నా కంగారు దూరం గురించి కాదు.

మా గుంపులో ఒక పద్ధతి ఉంది. అందరికంటే వెనక పరిగెత్తడానికి ఒకరిని పెట్టి, భుజం మీంచి నారింజరంగు పట్టీ కడతారు. ఆ మనిషిని తోక అంటారు. తోక ఎవరినీ దాటకూడదు. వెనకబడినవాళ్లు నడిస్తే నడవాలి, కూలబడితే పక్కన కూలబడాలి. పట్టీ తిరిగొచ్చేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. పట్టీ వచ్చిందంటే అందరూ క్షేమంగా వచ్చినట్టే. ఈ పద్ధతి పెట్టింది మీ తమ్ముడే, పద్ధతి మంచిదే. కాకపోతే మూడేళ్లుగా ఆ పట్టీ నా భుజం దిగలేదు. మీ తమ్ముణ్ణి అందరూ చిరుత అంటారు, నన్ను తోకమ్మ అంటారు. నీకు ఓపిక ఎక్కువమ్మా అని మెచ్చుకుంటారు. ఓర్చినమ్మకు తేటనీరు అని సామెత. నేను వెళ్లేసరికి నీళ్ల బల్లల దగ్గర ఖాళీ సీసాలే ఉంటాయి.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. మా మరదలు రెండు మారథాన్లు పూర్తి చేసిందని మీరు ఆసుపత్రిలో మీ వార్డంతా చెప్పుకుంటారు కదా. ఆ రెండుసార్లూ నేను వచ్చేసరికి అక్కడ ఆర్చి లేదు. గమ్యం దగ్గర మోటారుతో గాలి నింపి నిలబెడతారే, ఆ ఆర్చి. ఆరు గంటలు దాటగానే మోటారు ఆపేస్తారు. మొదటిసారి పిక్కలు పట్టేసిన బ్యాంకావిడతో, రెండోసారి మా పోస్టుమాస్టారితో నడుచుకుంటూ వచ్చాను. పందెం రోజు జనంలో పట్టీ కోసం ఆగాలన్న రూలుకి సెలవు కాబట్టి ఎవరూ ఆగలేదు. ఆర్చి రోడ్డు మీద తడి దుప్పటిలా పడి ఉంది. ఇద్దరు మనుషులు దానిమీద కూర్చుని గాలి తీస్తున్నారు. "మడత పెడుతున్నాం, కాస్త పక్కనుంచి వెళ్లమ్మా" అన్నాడు ఒకతను. నేను పక్కనుంచే వెళ్లాను. మీ తమ్ముడు అప్పటికే చొక్కా మార్చుకుని భోజనాల టెంటులో ఉన్నారు. "వచ్చేశావా?" అన్నారు. వచ్చేశాను అన్నాను.

నాకు ఆ ఆర్చి కిందనుంచి వెళ్లాలని ఉంది వదినా. అది నిలబడి ఉండగా. నా కాళ్లకి ఆ సత్తా ఉంది, నేను కనుక్కున్నాను. రేపు పట్టీ కట్టుకోను, పందెం రోజూ కట్టుకోను. ఈ ముక్క మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక, ఇదిగో, మీకు చెబుతున్నాను.

మీ మరదలు

---

వదినా,

నిన్నటి ఉత్తరం మీకు చేరకముందే ఇంకోటి రాస్తున్నాను. మెట్లు దిగలేక వెనక్కి తిరిగి దిగుతున్నాను, చేతులు మాత్రం బాగానే ఉన్నాయి.

పొద్దున అందరూ పోగయ్యాక మీ తమ్ముడు అలవాటుగా పట్టీ తీసి నాకేసి చాపారు. నేను అందుకుని, ఆయన భుజానికే వేసి ముడి కట్టేశాను. "ఈసారి మీరు ఉండండి" అన్నాను. అందరూ నవ్వారు. చిరుతకి తోక ఉండొద్దా మరి అని పోస్టుమాస్టారు జోకు కూడా వేశారు. మీ తమ్ముడి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. పరువు తక్కువనుకున్నారని నేను మనసులోనే నాలుగు తిట్టుకుని, పరిగెత్తడం మొదలుపెట్టాను.

ఎలా ఉందో చెప్పనా? ఇన్నేళ్లూ నేను చూసినవన్నీ వీపులే. ఎవరి చొక్కా ఎక్కడ తడుస్తుందో నాకు తెలుసు. ఇవాళ దాటుతుంటే ఒక్కో వీపూ మొహమైంది. బ్యాంకావిడ పళ్లు బిగించి పరిగెడుతుందని నాకు ఇన్నాళ్లకి తెలిసింది. వంతెన దాటాను, ఇటుకబట్టీ దాటాను, ఇనప తలుపుని అరచేత్తో గట్టిగా చరిచాను. తిరుగుదారిలో నా ముందు కాలవా ఎండా తప్ప ఎవరూ లేరు. సంతోషంగా ఉండాల్సింది పోయి ఊరికే వెనక్కి తిరిగి చూస్తున్నాను. ఎవరైనా కూలబడ్డారా, ఎవరికైనా నీళ్లు కావాలా అని. అలవాటు వదినా, పుట్టుకతో వచ్చిందో మీ ఇంటికొచ్చాక వచ్చిందో తెలియదు. ఆఖర్లో తొడలు రాళ్లయ్యాయి. ఇంకొంచెమే అని నేను అందరికీ చెప్పే మాట నాకు చెప్పేవాళ్లు లేరు. పైకే చెప్పుకుంటూ వచ్చాను, గట్టుమీద బట్టలారేస్తున్న ఒకావిడ పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చెరిగిపోతున్న సుద్దగీత దాటి అందరికంటే ముందు కూర్చున్నాను. ఏడ్చాను కూడా.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. చివరికి పోస్టుమాస్టారు నడుచుకుంటూ వచ్చారు. "మీ ఆయన లేసు కట్టుకుని వస్తానన్నాడమ్మా, నన్ను ముందు పొమ్మన్నాడు" అన్నారు. ఎదురు చూశాం. రాలేదు. పట్టీ వచ్చేదాకా కదలకూడదని పెట్టుకున్న రూలు, ఆ రూలు పెట్టిన మనిషి విషయంలోనే ఎవరికీ గుర్తు రాలేదు. ఆయనకేమిటి, చిరుత, వచ్చేస్తాడు అనుకుంటూ టీ తాగి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. నేనూ నీళ్ల డ్రమ్మూ మిగిలాం. అలిగి కావాలని ఆలస్యం చేస్తున్నారని మొదట మండింది. ఎండ నెత్తిమీదికొచ్చేసరికి మంట కాస్తా భయమైంది. కొయ్యకాళ్లతో మళ్లీ గట్టు పట్టుకుని నడిచాను.

వంతెన దగ్గర కనిపించారు. ఒక బూటు చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పిట్టగోడ పట్టుకుని వస్తున్నారు. పట్టీ ముడి వేసినట్టే ఉంది. నన్ను చూడగానే అన్న మొదటి మాట, "ఇనప తలుపు ముట్టుకునే వచ్చాను."

అదేం మాటో నాకు అర్థం కాలేదు. పిట్టగోడ మీద కూర్చోబెట్టాక చెప్పారు. మోకాలు పోయి రెండు నెలలైందట. లిఫ్టులు బాగుచేసేవాడికి మెట్లే గతి, పన్నెండో అంతస్తుకి పనిసంచితో ఎక్కి దిగి ఎక్కి దిగి వాచిందట. ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఆదివారం అందరికంటే ముందు దూసుకుపోయి, ఈ వంతెన కింద కూర్చునేవారట. లెక్క చూసుకుని పైకొచ్చి, మాకు ఎదురుగా చెయ్యి ఊపుకుంటూ వెనక్కి పరిగెత్తేవారు. పంపుహౌసు దాకా వెళ్లి వస్తున్నారని మేమంతా అనుకునేవాళ్లం. ముందున్నవాణ్ణి ఎవరు చూస్తారు వదినా? ఇవాళ మాత్రం దాక్కోవడానికి వీల్లేకపోయింది. పోస్టుమాస్టారు ముందు కుంటుకుంటూ వెళుతుంటే, పట్టీ కట్టుకున్న మనిషి వంతెన కింద ఎలా కూర్చుంటాడు? మొత్తం దూరం వెళ్లారు. పోస్టుమాస్టార్ని ఇటుకబట్టీ దాకా తిరిగి తీసుకొచ్చాక, ఇక నొప్పి దాచలేక లేసు వంక పెట్టారు.

నాకు కోపమొచ్చింది, జాలేసింది, నవ్వు కూడా వచ్చింది. మూడూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టాలో తెలియలేదు. మోకాలు చూస్తే కొబ్బరికాయంత ఉంది. ఇంటికి తీసుకొచ్చి ఐసు పెట్టాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని అడిగారు. "పందెం రోజు నువ్వు నా పక్కన ఉంటే నడిచైనా పూర్తి చేస్తాను. నీతోపాటు తోకగా వస్తున్నానని అందరికీ చెబుదాం. ఎవరికీ తెలియదు. ఎలాగూ నీకు ఓపిక ఎక్కువ."

నేను ఐసు మార్చడానికని లేచి వెళ్లిపోయాను. మళ్లీ ఆ గదిలోకి వెళ్లబుద్ధి కావడం లేదు. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను. కాదంటే కష్టంలో వదిలేసిన పెళ్లాన్ని, అవునంటే మడత పెడుతున్న ఆర్చి పక్కనుంచి మూడోసారి. మీరు ఆయన అక్కయ్య, నర్సు కూడా. మీరేమంటే అది చేస్తాను.

మీ మరదలు

---

తోకమ్మా,

రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. డ్యూటీ దిగి, కాళ్లు బకెట్లో పెట్టుకుని చదివాను.

నర్సుగా చెబుతున్నాను, విను. ఆ మోకాలితో వాడు పరిగెత్తకూడదు, అంత దూరం నడవకూడదు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఈలోగా వాడికి పన్నెండో అంతస్తు పనులొస్తే వేరేవాణ్ణి పంపమను.

అక్కగా చెప్పమంటావా? నువ్వు నన్ను అడగడమే తప్పు. నేను కుదరదు అని రాస్తే వాడు అక్క తిట్టిందని నాలుగు రోజులు అలిగి ఊరుకుంటాడు, నువ్వేమో వదిన చెప్పింది కాబట్టి అంటావు. ఇద్దరికీ హాయి. ఆ మాట నీ నోటితో నువ్వే వాడికి చెప్పాలి. ఆడపడుచునై ఉండి తమ్ముణ్ణి వెనకేసుకు రాలేదేమిటా అనుకోకు. వాణ్ణి ఎత్తుకుని మోసినదాన్ని, బరువెంతో నాకు తెలుసు.

ఇంకో మాట. నీ మారథాన్ల గురించి వార్డులో రెండుసార్లు స్వీట్లు పంచాను. నాతో అబద్ధం ఆడించావు కదే. మూడోసారి ఆడించకు.

నీ వదిన

---

వదినా,

మీ ఉత్తరం అందిన రోజే చెప్పేశాను. బట్టలు ఆరేస్తూ, దుప్పటి అటుపక్క ఆయనా ఇటుపక్క నేనూ ఉండగా. "కుదరదండీ. నేను నా పాటికి పరిగెత్తుతాను" అన్నాను. రెండు రోజులు ఉప్పు, నీళ్లు, తాళంచెవి తప్ప మా మధ్య మాటల్లేవు. ఆ మూడు వారాలూ ఎలా గడిచాయో అడక్కండి. పందెం ముందు పరుగు తగ్గించాలి కదా, మిగిలిన పరుగంతా చేతుల్లోకొచ్చింది. కుళాయిలు తోమాను, తలుపుల సందులు తోమాను, షాపులో అద్దాల కొలతలు ప్రతిదీ మూడేసి సార్లు చూశాను. పొరపాటున కాలి చిటికెనవేలు నొప్పెడితే కాలు విరిగిందనుకుని కూర్చున్నాను. చెప్పిన మాట వెనక్కి తీసుకుందామని ఎన్నిసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్లానో నాకే తెలియదు.

మూడోరోజు ఆయనే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. ఆదివారం కర్ర పట్టుకుని గుంపు దగ్గరికి వచ్చి, వంతెన కింద కూర్చున్న సంగతంతా చెప్పేశారు. అప్పుడు బ్యాంకావిడ పట్టీ తీసి తన భుజానికి వేసుకుంది. "మొదటి ఏడు నాకోసం తోకమ్మ ఆగింది, ఈసారి నేనుంటా" అంది. ఆవిడకి గుర్తుందని నేను అనుకోలేదు.

పందెం రోజు పొద్దున నేను లేచేసరికి మీ తమ్ముడు ఇంట్లో లేరు. కర్రా లేదు, పనిసంచీ లేదు. చూడలేక పనిలోకి పోయారని అనుకున్నాను. ఆ దిగులు సగం దూరం దాకా మోశాను, తర్వాత దాన్ని మోసే ఓపిక లేక వదిలేశాను. ఈసారి నీళ్ల బల్లల మీద నిండు సీసాలు ఉన్నాయి వదినా. ఎవరో ముక్కూమొహం తెలియనాయన ఇంకొంచెమే అన్నాడు, ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

మలుపు తిరిగితే ఆర్చి కనిపించింది. నీలంరంగుది, అంత ఎత్తు ఉంటుందని నాకు తెలియదు. దానికింద మోటారు రొద, ఆ రొద పక్కన నేలమీద ఒక కాలు చాపుకుని, చేతిలో స్క్రూడ్రైవరుతో మీ తమ్ముడు. ఆర్చి వాళ్ల దగ్గరికి ముందురోజే వెళ్లి, మోటారు నేను చూసుకుంటానని అడిగి కుదిరారట. నేను కిందనుంచి దాటుతుంటే తల పూర్తిగా పైకెత్తి చూశారు. వచ్చేశావా అనలేదు. "ఇంకా ఎవరెవరు రావాలి?" అన్నారు.

పోస్టుమాస్టారూ బ్యాంకావిడా రావాలి. ఆరు గంటలు దాటాయి. ఆర్చి వాళ్లు వచ్చి ఆపెయ్యమన్నారు. "మా పట్టీ ఇంకా రాలేదు" అని స్విచ్చు మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు మీ తమ్ముడు. వాళ్లు గొణిగారు, లారీ ఆగి ఉందన్నారు, ఈయన కదల్లేదు. ఆ చివర నారింజరంగు కనిపించేదాకా ఆ రొద ఆగలేదు. పోస్టుమాస్టారు ఆర్చి కిందికొచ్చి ఆగిపోయి, మెడ వెనక్కి వంచి పైకి చూస్తూ ఉండిపోయారు. ఆయన కూడా దాన్ని నిలబడి ఉండగా చూడలేదు కదా.

అప్పుడు స్విచ్చు ఆపారు. ఆర్చి మెల్లగా ముందుకు వంగి రోడ్డు మీద పడింది. మీ తమ్ముడు చాలాసేపు దాన్నే చూసి, "నువ్వు వచ్చేసరికి ఇలా ఉండేదా?" అని అడిగారు.

"ఇలాగే ఉండేది."

"చెప్పలేదేం?"

"అడగలేదు కదా" అన్నాను. ఆయన తల దించుకున్నారు. నాకు గెలిచినట్టేమీ అనిపించలేదు, కానీ తేలిగ్గా అనిపించింది. ఇద్దరం చెరో కొస పట్టుకుని మడత పెట్టాం.

వార్డులో మళ్లీ స్వీట్లు పంచండి. ఎన్నోసారి అని ఎవరైనా అడిగితే మూడోసారి అనకండి, మొదటిసారి అని చెప్పండి.

పట్టీ దించిన మీ మరదలు