బఠాణీల కింద ఎడ్నా

థార్న్‌బెక్ ఊరు, కాలవ వీధి, నాలుగో నంబరు ఇంట్లో ఉంటున్న క్లిఫర్డ్ ఆస్పినాల్ అనే నేను, వయసు ఎనభై ఒకటి, ఒకప్పటి వృత్తి కసాయి పని, ఇప్పటి వృత్తి అందర్నీ విసిగించడం, స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా, పొద్దుట్నుంచి చుక్క ముట్టకుండా రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. వాటిని పొయ్యిలో వేశాను కాబట్టి ఇల్లంతా వెతక్కండి. షీలా, నీకే చెబుతున్నాను.

బుద్ధి సరిగ్గా ఉందని డాక్టరు దగ్గర కాగితం కూడా తీసుకున్నాను. "మన ప్రధానమంత్రి ఎవరు పెద్దాయనా?" అని అడిగాడు. చెప్పాను. "మనం కప్పు గెలిచిన ఏడు మన గోల్‌కీపరెవరు డాక్టరుగారూ?" అని నేనడిగితే నోరెళ్ళబెట్టాడు. ఇద్దరిలో ఎవరికి మతి పోయిందో మీరే తేల్చుకోండి.

పధ్నాలుగో ఏట బడి మానేసి కత్తి పట్టినవాణ్ణి. లాయరు భాష రాదు. లైబ్రరీ పుస్తకంలో చూసి 'సదరు', 'తదనంతరం' లాంటివి అక్కడక్కడా మిరియాల పొడిలా చల్లాను. ఘాటెక్కితే నీళ్ళు తాగండి.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా మనవరాలు బ్రయొనీది. ఈ కుటుంబంలో చదివాక సంతకం పెట్టే మనిషి అదొక్కతే. మీసాలు తప్ప మిగతాదంతా వాళ్ళ అమ్మమ్మ ఎడ్నా పోలికే. ఎడ్నాకి అవి కూడా ఉండేవి.

2. సదరు ఎడ్నా నా భార్య. ఆమె సంగతి చెప్పకపోతే కింది క్లాజులు ఒక్కటీ అర్థం కావు. నలభై ఏళ్ళు థార్న్‌బెక్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో, కాలవ వైపు గోలు వెనకాల, చలికి వణుకుతూ నిలబడి రిఫరీలను తిట్టింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "నన్ను ఆ గోలు ముందే కలపండి. ఎడమ స్తంభం పక్కన. అవతలి కీపర్లకి అక్కడ నిలబడాలంటే భయం వెయ్యాలి," అంది. మా ఊళ్ళో ఆ ఆనవాయితీ ఉంది. చాలామంది బూడిద ఆ గడ్డిలోనే ఉంది. కలిపిన మరుసటి శనివారమే అవతలి కీపరు సరిగ్గా అక్కడే కాలు జారి పడ్డాడు, బంతి లోపలికి పోయింది. స్టాండంతా ఒకటే కేక: "ఎడ్నా కాలు పట్టిందిరోయ్!" నేను ఏడ్చింది చావు రోజున కాదు, ఆ రోజున.

నా బూడిద కూడా ఎడ్నా పక్కన చేరాలి. ఈ వీలునామా మొత్తానికి నాకు కావలసింది అదొక్కటే. మిగతాదంతా సరదాకి.

3. క్లబ్బు మాజీ ఛైర్మన్ రోలండ్ క్రాంప్టన్‌కి: నా కొట్టు మూసేసిన రోజున చేసిన ఆఖరి మాంసం రొట్టె ఇంట్లో మంచుపెట్టెలో ఉంది. అది ఆయనకి. లోపల ఏముందో ఇప్పుడే చెప్పను. తిన్నాక బ్రయొనీ చెబుతుంది.

సదరు క్రాంప్టన్ సోఫాలు అమ్ముకునేవాడు. క్లబ్బు అప్పుల్లో ఉందని తెలిసి మైదానం మధ్యలో నిలబడి మైకు పట్టుకున్నాడు. "ఈ క్లబ్బు నాది కాదు, మీది! షేర్లు కొనండి, యజమానులు కండి!" అన్నాడు. కొన్నాం. నేను మాంసం బండి అమ్మి కొన్నాను. పక్కింటి నార్మన్ పళ్ళు కట్టించుకోవడానికి దాచుకున్న డబ్బు పెట్టి కొన్నాడు, ఈనాటికీ చిగుళ్ళతోనే నములుతున్నాడు. షేరు కాగితాలకి ఫ్రేములు కట్టించి పెళ్ళి ఫోటోల పక్కన తగిలించాం. రిఫరీ మా మీద ఈల వేస్తే, "నా గడ్డి మీద నిలబడి నా మీదే ఊదుతావట్రా?" అని అరిచే దర్జా వచ్చింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. కసాయివాణ్ణి నేనే, గొర్రెనీ నేనే.

4. నార్మన్‌కి: ఏమీ లేదు. పాత క్లబ్బు పోయాక మనవాళ్ళు పెట్టిన కొత్త క్లబ్బు మనది కాదంటూ ఇంట్లో కూర్చుని, మైదానం మీద లేచిన సూపర్‌మార్కెట్లో నా ఎడ్నా నెత్తి మీద నిలబడి ఐస్‌క్రీం కొనుక్కుని, పైగా కొట్టు కార్డులో పాయింట్లు వేయించుకునేవాడికి ఏమిస్తాను? సరేలే, నా పళ్ళ సెట్టు తీసుకో. పైది కొంచెం వదులు.

5. నా షేర్లన్నీ నా అల్లుడు నైజెల్‌కి, సర్వహక్కులతో. ఫ్రేముల్లోంచి పీకేశాను, మరుగుదొడ్లో మేకుకి గుచ్చి ఉన్నాయి. కొన్ని వాడేశాను.

సదరు నైజెల్ లెక్కల మనిషి. మెడలో టై లేకుండా నిద్ర కూడా పోడని షీలా అంటుంది. అభిమానుల తరఫున బోర్డులో కూర్చోబెట్టింది మేమే, మన పిల్లాడు కదా అని. క్లబ్బు పోయిన ఏడు వసంతంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేను మాంసం కోస్తున్నాను. కాగితం ఒకటి పళ్ళెం పక్కన పెట్టాడు. "వచ్చే శనివారం షేర్‌హోల్డర్ల మీటింగు మామయ్యా. అదే రోజు రాడ్‌షాలో మ్యాచ్ కదా, మీరెలాగూ రారు. మీ బదులు మేం చెయ్యెత్తుతాం. ఇక్కడ సంతకం పెట్టండి. చదవక్కర్లేదు." గ్రేవీ చల్లారిపోతోంది. పెట్టాను. ఊరు ఊరంతా పెట్టింది. మీటింగుకి కూర్చుని మ్యాచ్ మానుకునేవాడు థార్న్‌బెక్‌లో ఎవడున్నాడు? రాడ్‌షావాళ్ళంటే మాకు తాతల నాటి పగ. ఆ సంగతి తెలిసే ఆ శనివారం పెట్టారు.

బస్సుల మీద బస్సులు వేసుకుని వెళ్ళాం. రెండు గోల్స్ తేడాతో కొట్టాం. గొంతులు పోయేలా పాడాం, "చచ్చేదాకా థార్న్‌బెక్" అని. మేం పాడుతున్న ఆ గంటలోనే ఇక్కడ ఖాళీ హాల్లో క్రాంప్టన్, నైజెల్, ఇంకో ముగ్గురు మా అందరి చేతులూ ఎత్తి మా మైదానాన్ని క్లబ్బులోంచి విడదీసి క్రాంప్టన్ బావమరిది కంపెనీకి రాసేశారు. అక్కణ్ణుంచి అది సూపర్‌మార్కెట్‌వాళ్ళకి వెళ్ళింది. మైదానం లేని క్లబ్బు నీళ్ళలోంచి తీసిన చేప. ఎండాకాలం దాటలేదు. జీతాల్లేక ఆటగాళ్ళు పోయారు, కోర్టువాళ్ళు తాళం వేశారు. మమ్మల్ని ఎవడూ దోచుకోలేదు. మా చేతులతోనే మా పీక కోయించుకున్నాం.

గట్టిగా అడిగితే నైజెల్, "సాంకేతికంగా చూస్తే మీ అందరి అంగీకారం ఉంది మామయ్యా," అన్నాడు. ఆ మాట గుర్తుంచుకో అల్లుడూ. కింద పనికొస్తుంది.

6. రాడ్‌షా వాస్తవ్యుడు, తవ్వే యంత్రం నడిపే స్టాన్ డక్‌వర్త్‌కి: మా నాన్న ఇచ్చిన ఎముకలు కోసే కత్తి, దాని తోలు ఒరతో సహా. స్టాన్, నీ ఊరు దరిద్రం, నీ జట్టు అంతకన్నా దరిద్రం, నీ మొహం ఆ రెండింటికీ తగ్గట్టే ఉంది. కానీ మైదానం తవ్వడం మొదలెట్టిన రోజున కంచె అవతల నిలబడ్డ నన్ను చూసి ఇంజన్ ఆపావు.

"ఏంటి ముసలాడా, అలా చూస్తున్నావ్?"

"మా ఆవిడ ఉందిరా అందులో."

"ఎక్కడ?"

"గోలు ముందు. ఎడమ స్తంభం పక్కన."

నువ్వు మళ్ళీ ఇంజన్ వేశావు. చెంచాతో పాలమీగడ తీసినట్టు ఆ ఇనప తొండంతో అక్కడి మట్టి కొంచెం లేపి, దిగొచ్చి, చేత్తో బకెట్లోకి ఎత్తి కంచె మీదుగా అందించావు. "ఇందా, తీసుకో. రాడ్‌షావాళ్ళం ఆడవాళ్ళని తొక్కం," అన్నావు. ఆ బకెట్టు ఇప్పుడు మా వంటింట్లో పొయ్యి పక్కన ఉంది. ఆమెకి చలి పడదు. బకెట్లోకి వచ్చినంత ఎడ్నా వచ్చింది. మిగతా ఎడ్నా పైన నేల వేసి, చలిపెట్టెలు పెట్టి, బఠాణీలు అమ్ముతున్నారు.

షరతు: నా అంత్యక్రియలకి మీ జట్టు నీలం మఫ్లరే వేసుకుని రావాలి. మావాళ్ళు తిడతారు. పడు.

7. నా కూతురు షీలాకి: మీ అమ్మ ఎడమచేతి ఉన్ని గ్లౌజు. కుడిది రిఫరీ మీదికి విసిరింది, తిరిగి రాలేదు. మైదానం తవ్వుతున్న రోజున నువ్వు నా వంటింట్లో నిలబడి, "ఉత్త బంతాటే కదా నాన్నా, ఎందుకంత రాద్ధాంతం?" అన్నావు. అంతకన్నా నన్ను చెంపమీద కొట్టి ఉంటే నయం. పెద్ద ఇల్లు, రెండు కార్లు, స్నానాలగదులు ఎక్కువ, బుద్ధి తక్కువ. ఇంతకన్నా నీకేం కావాలి?

అయినా ఆ గ్లౌజు ఒకసారి తొడిగి చూడు. బాగా సాగిపోయి ఉంటుంది. చిన్నప్పుడు గోలు వెనకాల చలికి నువ్వు నీ చెయ్యి కూడా అందులోనే దూర్చేదానివి, మీ అమ్మ చెయ్యి ఉండగానే.

8. ఇక ఇల్లు. నాలుగో నంబరు ఇల్లు, అందులోని సమస్త సామాన్లు, నా తదనంతరం అమ్మేసి, వచ్చిన సొమ్ముతో కొత్త క్లబ్బు ఇప్పుడు అద్దెకి ఆడుతున్న ఆవుల పొలాన్ని కొనాలి. క్లబ్బు పోయాక బ్రయొనీ, దాని స్నేహితులు కలిసి పెట్టిన జట్టు అది. గోలు వెనక పేడ, ముందు బురద. చూడ్డానికి వచ్చేవాళ్ళకన్నా ఆవులెక్కువ. కిందటి వారం తొమ్మిది గోల్స్ తిన్నారు. ఆ కీపరుకి రెండు చేతులూ ఉన్నాయా అని నా అనుమానం. అయినా మనవాళ్ళే.

రైతు అమ్ముతానన్నాడు. అద్దె పొలంలో నేను ఎడ్నాని కలపను. ఒకసారి ఆమె మీద కొట్టు కట్టారు, రెండోసారి కట్టనివ్వను. పొలం పత్రంలో రెండు మాటలు రాయాలి. ఒకటి, మనిషికి ఒకే ఓటు, అదీ వచ్చి నిలబడి సొంత చెయ్యెత్తితేనే. ఒకరి చెయ్యి ఇంకొకరు ఎత్తితే చెల్లదు. రెండు, మ్యాచ్ ఉన్న రోజున మీటింగు పెడితే ఆ మీటింగే చెల్లదు.

పొలం రిజిస్టరయ్యాక మొదటి శనివారం, అక్కడ కూడా కాలవ వైపున్న గోలు ముందు, ఎడమ స్తంభం పక్కన గొయ్యి తీసి, బకెట్లో మట్టిని, నా బూడిదని కలిపి పొయ్యాలి. వేరుగా పోస్తే ఊరుకోను.

9. ఆ గొయ్యి తవ్వేది నైజెల్.

ఇల్లు మాకు రావాలని కోర్టుకెక్కుదామని ఇప్పటికే లేస్తున్నావేమో, కూర్చో అల్లుడూ. కిందటి ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చావు. నేను మాంసం కోస్తున్నాను. నీ పళ్ళెం పక్కన కాగితం పెట్టాను. "ముసలితనం, ఆసుపత్రి కాగితాలేవో. ఇక్కడ సంతకం పెట్టు. చదవక్కర్లేదు," అన్నాను. గ్రేవీ చల్లారిపోతోంది. పెట్టావు. షీలా కూడా పెట్టింది. టై మీద గ్రేవీ పడింది, నువ్వు దాన్ని చూసుకున్నావు, కాగితాన్ని చూసుకోలేదు.

ఈ ఇంటి మీద మీ ఇద్దరికీ ఏ హక్కూ లేదని, మీరు కోర్టుకెక్కరని, సదరు గొయ్యి నువ్వే, యంత్రం లేకుండా, గడ్డపారతో తవ్వుతావని అందులో ఉంది. కోర్టులో నిలుస్తుందో లేదో నాకు తెలీదు. నిలవదని వాదించాలంటే మాత్రం, చదవకుండా పెట్టిన సంతకం చెల్లదని నువ్వే నిండు కోర్టులో చెప్పాలి. చెప్పు. ఊరంతా వినడానికి వస్తుంది. ఆ తర్వాత ఊరంతా తమ కాగితాలు కూడా తెస్తుంది. సాంకేతికంగా చూస్తే నీ అంగీకారం ఉంది అల్లుడూ.

గొయ్యి తవ్వడం అయ్యాక గడ్డపార పట్టుకుని పక్కనే నిలబడాలి. వాన పడినా సరే, గొడుగు లేదు. పాత షేర్‌హోల్డర్లు ఒక్కొక్కరే వచ్చి నీ మొహం మీద ఒక్కో మాట అంటారు. చావుకబురు చల్లగా చెప్పిన నోటికి ఆ రోజు ఒకటే పని. ప్రతి మాటకీ "అవును" అనాలి. చదవక్కర్లేదు, వింటే చాలు.

అందరూ అయ్యాక, నీకు ఓపికుంటే, మ్యాచ్ చూసి వెళ్ళు. టికెట్టు నా లెక్కలో.

ఇందులో రాసినదంతా నాకు నేనుగా రాసింది. కొట్టివేతలు ఉన్నచోట తిట్లు ఉండేవి. బ్రయొనీ తీసెయ్యమంది.

సంతకం చేసిన చోటు: పాత మైదానం, కాలవ వైపు గోలు, ఎడమ స్తంభం ఉండే చోటు. ఇప్పుడు సూపర్‌మార్కెట్లో బఠాణీల చలిపెట్టె. తారీకు 2009 అక్టోబరు 17, శనివారం మధ్యాహ్నం మూడు గంటలు, ఆట మొదలయ్యే వేళ.

సాక్షులు నాతో పాటు ఇక్కడే నిలబడి, నేను సంతకం పెట్టడం చూసి, తామూ పెట్టారు. ఇద్దరూ ఈ కొట్టులో పనిచేసేవాళ్ళే. వాళ్ళకి నేనేమీ రాసివ్వలేదు, కాబట్టి సాక్ష్యం చెల్లుతుంది. "మూత వెయ్యండి ఆస్పినాల్‌గారూ, చలి బయటికి పోతోంది," అని పర్వీన్ రెండుసార్లు చెప్పింది. పోనీయమ్మా, కింద ఉన్నావిడకి కాస్త చలి తగ్గుతుంది అన్నాను. ఆమె ఏమనుకుందో ఏమో, ఇంక మూత మాట ఎత్తలేదు. మొన్న ఇక్కడే వాళ్ళ మేనేజరు కాలు జారి వెల్లకిలా పడ్డాడని మాత్రం చెప్పింది. నేల తడిగా కూడా లేదట.

(సం.) క్లిఫర్డ్ ఆస్పినాల్

సాక్షులు:
(సం.) పర్వీన్ అక్తర్, డబ్బు కట్టించుకునే బల్ల
(సం.) డోరీన్ విటల్, మాంసం విభాగం (కోత బాగా రాదు, నేర్పిస్తున్నాను)