గాలి కన్నం

తమ్ముడు లెషెక్‌కి,

చలికి ఈసారి ఇల్లు గట్టిగా సిద్ధం చేశాను. కిటికీ సందుల్లో దూది కూరాను. పొగగొట్టాలు ఊడ్చేవాడు కూడా వచ్చాడు. వాడు కనబడగానే గుండీ పట్టుకుంటే అదృష్టం కదా, చొక్కా గుండీ పట్టుకున్నాను.

"అమ్మా, వంటింట్లో గాలి కన్నం మూయొద్దు, బొగ్గుపొయ్యి ప్రాణం తీస్తుంది" అన్నాడు.

"ఊరి గాలినంతా వెచ్చబెట్టడానికి బొగ్గు నువ్వు కొనిపెడతావా?" అన్నాను. వాడు గడప దాటగానే మీ బావ పాత కోటు కన్నంలో కుక్కాను.

ఆ సాయంత్రం నుంచీ నువ్వు పంపిన విషవాయువు అలారం ఒకటే కూత. నీకు నాసిరకం సరుకు అంటగట్టారు. పశువుల కొట్టంలో తగిలించాను, అక్కడ నోరెత్తడం లేదు.

నాకు తలనొప్పి వదలడం లేదు, క్రిస్మస్‌కి ఊరేసిన చేపల వాసన వల్లేమో. మీ బావ మధ్యాహ్నమైనా లేవలేదు. ఇన్నాళ్లకు మంచి నిద్ర పట్టింది, లేపబుద్ధి కాలేదు. పోస్టుమాన్ వచ్చేలోగా నేనూ కాస్త నడుం వాలుస్తాను.

మీ అక్క