బొమ్మకు ఎవరి ముఖమూ పెట్టవద్దని మనవి

పుయెర్తో తమరిందో ఊరి పాలనాధికారి, తెనియెంతె గారి సముఖమునకు,
కోకో తోటల కాపు దెల్ఫీన్ మొరెయిరా, వయసు 74, రాసుకొన్న అర్జీ.
డిసెంబరు 29.

అయ్యా,

మా అబ్బాయి ఆనిబాల్ ఇంటికి వచ్చేశాడండీ! ముందు విషయం రాయాలని తెలుసును గానీ చెయ్యి ఆగలేదు. క్షమించవలెను. ఇప్పుడు రాస్తున్నాను.

విషయం: ఎల్లుండి తగలబెట్టబోవు పాత సంవత్సరం బొమ్మకు ఏ మనిషి ముఖమునూ పెట్టకుండా ఉత్తర్వు ఇప్పించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమరికి మనవి చేసుకొనునది ఏమనగా:

1. నవంబరు 30న తెల్లవారుతుండగా కోకో కల్లం మలుపు దగ్గర, రొట్టెల బుట్టతో బస్సుకు నడుస్తున్న దోన్యా సోయ్‌లా గారిని ఏదో బండి గుద్ది, ఆగకుండా పోయినది. ఆమె అక్కడికక్కడే ప్రాణం విడిచినది. ఆమె చేతి కర్రపెండలం రొట్టె తినని మనిషి ఈ ఊరిలో లేడు. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

2. నీలం బండి అని ఎవరో అన్నారు. ఊళ్ళో నీలం బండ్లు నాలుగు. ఒకటి ఫాదరుగారిది, ఒకటి పోలీసులది, మూడోది ఇంజను లేక కోళ్ళు పొదగడానికి పనికొస్తున్నది. కాబట్టి మావాడిదే అని తేల్చేశారు. పైగా మావాడి బండికి దీపం పగిలి ఉన్నది. అది అంతకు ముందు ఆదివారం మా గేటుకు గుద్ది పగలగొట్టుకొన్నాడు. నేను వాడిని తిట్టిన తిట్లు వీధి అంతా వినినది. కానీ అడిగినప్పుడు ఒక్కరికీ గుర్తు లేదు.

పదింటికల్లా తీర్పు అయిపోయినది. మంగలి షాపులో దోన్ రిగోబెర్తో, "మొదట్నుంచీ వాడి చూపే తేడాగా ఉండేదిలే" అన్నాడు. మావాడికి పెళ్ళిచూపులు కుదిర్చింది ఈయనే!

3. ఇరవై ఏడు రోజులు మావాడు లాకప్పులో ఉన్నాడు. బల్లకట్టు మీద ఉన్నానని వాడు చెప్పిన మాట పోలీసులు నమ్మలేదు, మమ్మల్ని వాడిని కలవనివ్వలేదు. నేను అందరికీ ఒకటే మాట చెప్పాను, మా వాడు చెయ్యలేదండీ అని. బస్సులో చెప్పాను, చర్చిలో చెప్పాను, చేపల అంగట్లో చెప్పాను. "అందరు నాన్నలూ అదే అంటారు తాతా, చేప కావాలా వద్దా?" అన్నది ఆ అమ్మాయి. ఏం చేస్తాను, కొనుక్కొని వచ్చాను.

4. చివరకు బల్లకట్టు నడిపే సెనోన్ నోరు విప్పాడు. ఆ తెల్లవారుజామున బల్లకట్టు ఏటి మధ్య ఇసుకలో దిగబడిపోయినదట. బండ్లతో సహా ఎక్కినవాళ్ళందరూ, మావాడు తప్ప పరాయి ఊళ్ళవాళ్ళే, రెండు గంటలు అక్కడే. సెనోన్ ఫోనులో ఫోటో ఉన్నది: నడుము లోతు నీళ్ళలో మావాడు బల్లకట్టును నెడుతున్నాడు, వెనుక మావాడి బండి, పైన టైము. జడ్జిగారు ఆ ఫోటో చూసి నవ్వారని వకీలు చెప్పినాడు. ఆ నవ్వుకు నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా సెనోనూ?" అని గల్లా పట్టుకొన్నాను.
"నన్నెవరడిగారు? బల్లకట్టు దిగబడిందని తెలిస్తే మా ఓనరు ఉద్యోగం పీకేస్తాడు దోన్ దెల్ఫీన్! ఇప్పుడు పీకేశాడు కూడా."
ముద్దు పెట్టుకొన్నాను వాడిని. రెండు బుగ్గల మీదా.

5. ఇక అసలు సంగతి. ఏటేటా పాత సంవత్సరాన్ని బొమ్మ కట్టి, ఆ ఏడు ఊరికి కోపం తెప్పించిన మనిషి ముఖం దానికి పెట్టి, ముప్పై ఒకటిన కాలుస్తామన్నది తమరికి తెలియనిది కాదు. నీటి పంపు ఆగిపోయిన ఏడు తమరి ముఖమే పెట్టాము. తమరు పక్కన నిలబడి ఫోటో దిగి, మర్నాడే పంపు బాగు చేయించారు. అంత పెద్ద మనసు గనుకనే తమరికి రాస్తున్నాను.

ఈ ఏడు బొమ్మ మా ఆనిబాల్. ముసుగు చేసింది ఉబాల్దో. ఎంత బాగా చేశాడంటే ముక్కు అచ్చం మా వంశానిదే. తీగ మీద ఆరేసిన మావాడి ఎర్ర చొక్కా కూడా తొడిగారు. కుర్రాళ్ళు ఆడవేషాలు వేసుకొని, ఆ బొమ్మకు పెళ్ళాలమంటూ రోడ్డు మీద కార్లు ఆపి, ఏడ్చి చిల్లర అడిగారు. మా కోడలు తెరేసా అటే వచ్చి ఆగినది.
"అసలు పెళ్ళాన్ని నేను. నాకివ్వండి ఆ డబ్బా," అన్నది.
కుర్రాళ్ళు పక్కకు తప్పుకొన్నారు. అది ఇంటికి వచ్చి తలుపు వేసుకొని ఏడ్చిన సంగతి వాళ్ళకు తెలియదు.

6. మొన్న మావాడు విడుదల కాగానే ఉబాల్దో పరుగెత్తుకొచ్చి, "అయ్యో దోన్ దెల్ఫీన్, ఇప్పుడే ముఖం పీకేస్తా!" అని పీకేశాడు. అందరూ నన్ను కౌగిలించుకొన్నారు. రిగోబెర్తో కూడా, "వాడు బంగారం, నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా," అన్నాడు.

బొమ్మకు ముఖం లేకుండా పోయినది. మరి ఇప్పుడు ఎవరిది పెట్టాలన్నారు. అంతకు ముందు రోజు పక్క ఊరి ఒల్మెదో అనే లారీ డ్రైవరును పట్టుకొన్నారని పేపరులో వచ్చినది.

అయ్యా, ఇక్కడ నిజం రాస్తున్నాను. ఆ పేపరు తెచ్చి ఉబాల్దో చేతిలో పెట్టింది నేనే. "ఇదిగో అసలువాడు, వీడి ముఖం పెట్టండి," అని అరిచింది నేనే. ఆనందంలో అరిచాను. అందరూ చప్పట్లు కొట్టారు.

7. నిన్న మధ్యాహ్నం బస్సు దిగి ఒక ముసలాయన నన్ను పోలీసు స్టేషనుకు దారి అడిగాడు. చేతిలో కేరేజీ ఉన్నది. ఎవరి కోసమని అడిగాను.
"మా ఒల్మెదో కోసం. మా వాడు చెయ్యలేదండీ," అన్నాడు.
అదే మాట, అదే గొంతు.

అతను చేశాడేమో. నాకు తెలియదు. చేసి ఉంటే జడ్జిగారు చెప్పాలి, శిక్ష వెయ్యాలి, దోన్యా సోయ్‌లా ఉసురు ఊరికే పోకూడదు. కానీ చెయ్యకపోతే? అతనికీ ఎక్కడో ఒక సెనోన్ ఉండి, ఇంకా ఎవరూ అడగలేదేమో.

8. ఉబాల్దో దగ్గరకు పోయి ఆ ముఖమూ వద్దన్నాను.
"నీ కొడుకు బయటపడ్డాడు, నీకిప్పుడు నీతులొచ్చాయా? ముందు నువ్వే కదా తెచ్చావ్!" అని అందరూ నా మీద పడ్డారు.
తప్పు నాదేనని ఒప్పుకొన్నాను. అప్పుడు దోన్యా సోయ్‌లా కూతురు రమోనా లేచి, "మా అమ్మను చంపినోడు కావాలి నాకు. చేతికి దొరికినోడు కాదు," అన్నది. సగం మంది తలలు దించుకొన్నారు. మిగతా సగం ఇంకా జిగురు కలుపుతూనే ఉన్నారు.

కావున తమరు దయతలచి, కోర్టు చెప్పేవరకు ఏ మనిషి ముఖమునూ కాల్చరాదని ఉత్తర్వు ఇప్పించవలెను. బొమ్మ నెత్తిన ఏడాది అంకె రాసి కాల్చుకొంటే సరిపోవును. ముఖం లేకుండా కాల్చేది లేదని వాళ్ళు మొండికేస్తే నాది పెట్టించండి. జడ్జి చెప్పకుండానే నేను ఒకరిని కాల్చమన్న మాట వాస్తవము, అందుకు ఊరంతా సాక్షులు. ఎర్ర చొక్కా మాత్రం ముందుగా ఇప్పించవలెను, అది మావాడికి ఇష్టమైన చొక్కా.

ఈ ముసలివాడి తొందరను మన్నించి, ఎనిమిది అంశములనూ చిత్తగించి, ఎల్లుండి చీకటి పడకముందే సెలవిప్పించగలరని ఆశతో,

ఇరవై ఏడు రోజుల తర్వాత నిన్న కడుపు నిండా తిన్న,
తమ విధేయుడు,
దెల్ఫీన్ మొరెయిరా

తాజా కలం: ఒల్మెదో నాన్న మా ఇంట్లోనే ఉన్నాడండీ, నిన్న బస్సు తప్పిపోయినది. లోపలికి పంపలేదట, కేరేజీ అలాగే తిరిగొచ్చినది. ఇప్పుడు మావాడు ఆయన ఎదురుగా కూర్చొని చెబుతున్నాడు: "దుప్పటి పట్టుకెళ్ళండి పెదనాన్నా, అక్కడ నేల మహా చల్లన. ఉప్పు ఎక్కువేసి వండండి, లోపల ఏదీ రుచి తెలీదు." ఆయన చిన్న కాగితం మీద రాసుకొంటున్నాడు. రేపు ఉదయం ఏడింటికి మావాడే తన బండిలో ఆయనను స్టేషనుకు తెస్తాడట. నేను వద్దనలేదు. దారిలో ఎవరూ రాయి వెయ్యకుండా ఒక పోలీసును మలుపు దగ్గర నిలబెట్టండి బాబూ, మీకు పుణ్యముంటుంది.