ఆకర్షణీయమైన రూపం కలవారు మాత్రమే

సెమరాంగ్

పెద్దమ్మ మోకాళ్లకు నుదురు ఆనించి పర్జియో రాసేది.

ఇక్కడ నేను క్షేమమే, నా చొక్కా మాత్రం కాదు. మెడపట్టీ చిరిగిపోయింది. ఈ ఊళ్లో ప్రతి ఉద్యోగ ప్రకటనలోనూ "ఆకర్షణీయమైన రూపం కలవారు మాత్రమే" అని వేస్తున్నారు. మొన్న ఎలకల మందు కంపెనీ వాళ్లు కూడా వేశారు. ఎలక చచ్చేది మందు తినా, అమ్మేవాడి మొహం చూసా అని అడుగుదామనుకున్నాను. అంతలోనే నా ఫోటో చూసి కాగితాలు వెనక్కిచ్చేశారు.

వచ్చే వారం ఒక బ్యాంకు వాళ్లు పెద్ద హోటల్లో ఇంటర్వ్యూలు పెట్టారు. లెబారన్ పండగలోపు ఉద్యోగం దొరక్కపోతే మామయ్య పెంకుల బట్టీలో బురద తొక్కాల్సిందేనని అమ్మ తేల్చేసింది. మీరు ఎందరో పెళ్లికొడుకులను ముస్తాబు చేసినవారు. నాకూ ఓ దారి చెప్పండి. పెదనాన్నగారి నల్ల ప్యాంటు ఉంటే పంపండి.

మీ పర్జియో

తా.క. అద్దంలో చూసుకుంటే నాకే నాకు ఉద్యోగం ఇవ్వబుద్ధి కావడం లేదు.

*

క్లాటెన్

పర్జియోను ముందు ఆశీర్వదించి, తర్వాత చీవాట్లు పెట్టి పెద్దమ్మ ముర్తియా రాసేది.

ప్యాంటు పంపాను. నడుము దగ్గర వదులవుతుంది, మీ పెదనాన్న తిన్న మనిషి. పైన తెల్ల చొక్కా, అంతే. ఉద్యోగానికి వెళ్లేవాడు రంగులు వేసుకుంటే కోడిపుంజనుకుంటారు. నీ గూని నడక నాకు తెలుసు. తలమీద పుస్తకం పెట్టుకుని గదిలో తిరుగు. ఆ రకంగానైనా పుస్తకం నీ తలకెక్కుతుంది. తమలపాకు కషాయం పుక్కిలించు. నవ్వకు, మీ నాన్న పళ్లు వచ్చాయి నీకు.

పెద్దవాళ్లు ఏమడిగినా తల వంచి "ఇంగ్గి" అను. చిత్తమనే ఆ ఒక్క మాట చాలు. జావా బిడ్డవై ఉండి పెద్దలకు ఎదురు ప్రశ్న వేశావంటే నా పెంపకం బూడిదలో పోసిన పన్నీరే.

నీ మంచి కోరే, ముర్తియా

తా.క. పొట్లంలో ఉన్నది పెళ్లికూతుళ్ల పౌడరు. కాస్తే రాయి. ఎక్కువైతే ఉద్యోగం మాట దేవుడెరుగు, ఎవడో ఒకడు నిన్ను పెళ్లాడేస్తాడు.

*

సెమరాంగ్

పెద్దమ్మకు వెయ్యి వందనాలు చేసి పర్జియో రాసేది.

పరీక్ష గట్టెక్కింది. హోటల్ గుమ్మంలోనే నల్లకోటు ఆయనొకడు నన్ను కిందికీ పైకీ చూసి, "మన బ్యాచేనా?" అన్నాడు. "ఇంగ్గి" అన్నాను. "పళ్లేలు మోయగలవా?" "ఇంగ్గి." మెడకో నల్ల బో టై తగిలించి, సూపు గిన్నెల పళ్లెం చేతిలో పెట్టాడు. ఈ కాలం పరీక్షలు ఇలా ఉంటాయన్నమాట అనుకున్నాను. లోపల బ్యాంకు పెద్దలంతా భోజనాల బల్ల ముందు కూర్చుని, మన చెయ్యి వణుకుతుందో లేదో చూస్తారు. నాలాగే తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకున్నవాళ్లు చాలామంది వడ్డిస్తున్నారు. కొందరు వెర్రిబాగులవాళ్లు మాత్రం పై అంతస్తులో ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని ఎవరో పిలుస్తారని కూర్చున్నారు. వాళ్లను చూస్తే జాలేసింది.

హాప్సారి గారని బ్యాంకులో పెద్దావిడ నన్ను పిలిచి, "ఇంత నిటారుగా నిలబడడం ఎవరు నేర్పారయ్యా?" అని అడిగారు. మీ పేరూ ఊరూ చెప్పాను.

కాబోయే బ్యాంకు ఉద్యోగి, పర్జియో

తా.క. శనివారం మళ్లీ రమ్మన్నారు. పరీక్షకొచ్చినవాళ్లకు మిగిలిన కోడికూర కట్టిచ్చే బ్యాంకు ఇంకెక్కడా ఉండదు.

*

క్లాటెన్

నా బంగారు పర్జియోకి పెద్దమ్మ దిష్టి తీసి రాసేది.

పసుపన్నం వండించి వీధంతా పంచాను. నిన్న మీ హాప్సారి గారు కారేసుకుని ఏకంగా మా ఇంటికే వచ్చారు. గుమ్మం ఎక్కగానే నాకు సంగతి అర్థమైంది. కూతురికి నిన్ను చూసుకుంటున్నారు. ఇక నిన్ను పొగిడాను చూడు. ఏ ఆడపిల్ల వంకా నువ్వు చూడలేదనీ, చూసినా వాళ్లెవరూ తిరిగి చూడలేదనీ చెప్పాను. ఆవిడ నా పెట్టె తెరిపించి పౌడర్లు వాసన చూశారు. నా శిష్యురాళ్లను నడిపించమన్నారు. నేను తిట్టే తిట్లు కూడా శ్రద్ధగా విన్నారు. వియ్యమందే ముందు ఆ మాత్రం ఆరా తీయాల్సిందే.

నీ పెళ్లిపెద్ద, ముర్తియా

తా.క. పిల్ల ఫోటో అడిగితే తెల్లమొహం వేశారు. అందగత్తె కాదేమో, గుండె దిటవు చేసుకో.

*

సెమరాంగ్

పెద్దమ్మకు తలెత్తలేక పర్జియో రాసేది.

ఇక ఎవరికీ పసుపన్నం పెట్టకండి. అది పరీక్ష కాదు, ఉత్త విందు భోజనం. శనివారం వెళ్లి నా బ్యాంకు కుర్చీ ఎక్కడని అడిగితే, వంటాయన గరిటె పడేసి నవ్వాడు. అసలు ఇంటర్వ్యూలు పై అంతస్తులో జరిగాయట. నేను జాలిపడ్డ వెర్రిబాగులవాళ్లకే ఉద్యోగాలు వచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మీకొక్కరికే చెబుతున్నాను, ఆ పూట పళ్లెం పట్టుకుని నిలబడినప్పుడు, ఏడాదిలో మొదటిసారి నేనూ పనికొచ్చే మనిషినే అనిపించింది.

హాప్సారి గారికి కూతుళ్లు లేరు. ఆవిడ మీ ఇంటికి ఎందుకొచ్చారో నాకు అంతుపట్టడం లేదు. బ్యాంకులో మళ్లీ ఖాళీలున్నాయి. ఈసారి రూపం, నడవడిక చూసి ఎంచడానికి కొత్తగా ఒక అధికారిణిని వేశారు. ఎవరో ముసలి రాక్షసిట. దరఖాస్తు పంపాను. నా కోసం ప్రార్థించండి.

మీ అభాగ్యుడు, పర్జియో

తా.క. రాక్షసిని మంచి చేసుకోవాలని, "మీ అందచందాల గురించి సెమరాంగ్ అంతా చెప్పుకుంటోంది" అని ఒక ముక్క జతచేశాను.

*

సెమరాంగ్

శ్రీ పర్జియో గారికి బ్యాంకు నడవడిక శిక్షణాధికారిణి వ్రాయునది.

మీ దరఖాస్తు అందినది. ఫోటోలో మీ ఎడమ కనుబొమ దువ్వబడలేదు. కావున మీ అభ్యర్థన తిరస్కరించడమైనది.

ఒరేయ్, ఇక మామూలుగా రాస్తాను. క్లాటెన్‌కు రాసిన నీ ఉత్తరం ఇక్కడికే తెప్పించుకుని చదివాను. హాప్సారి గారు మా ఇంటికి వచ్చింది నా కోసం. కౌంటర్లో కూర్చునే పిల్లలకు నిలబడడం, పలకరించడం నేర్పాలట. ఆ అద్దాల గదిలో పెద్దల ముందు కూర్చోబెట్టారు. "చదువెంతమ్మా?" అన్నాడొకడు. "మీ టై ముడి వంకరగా ఉంది నాయనా" అన్నాను. తీసుకున్నారు.

నీకు ఇక్కడ ఉద్యోగం వేయించగలను. వేయించను. పెద్దమ్మ చలవతో వచ్చిందని మళ్లీ గూని వేసుకుని నడుస్తావు. నీ నల్లకోటాయన కనిపిస్తే, మనిద్దరి చుట్టరికం చెప్పకుండానే నీ గురించి అడిగాను. నిన్ను హోటల్లో శాశ్వతంగా పెట్టుకోవాలని వాడు తిరుగుతుంటే నువ్వే మొహం చాటేస్తున్నావట. బ్యాంకు కాదని నామోషీ కాబోలు. వెళ్లి ఒప్పుకో. బట్టీ తప్పుతుంది.

ఇట్లు,
ముర్తియా, అందచందాల రాక్షసి

తా.క. వచ్చే శనివారం బ్యాంకు విందుకు నేనూ వస్తున్నాను. చేప తల నా పళ్లెంలో వెయ్యి. నలుగురిలో పెద్దమ్మా అని పిలిచావో, ఊరుకోను. అక్కడ నేను నీకు మేడం.