ప్లగ్గు గురించి అడగని మెకానిక్

ఖాదర్ గారూ,

మీరు పోయాక మా టీవీ మొరాయించడం ఇదే మొదటిసారి. సినిమాలు చూసుకునే చిన్న పెట్టె ఒకటి కొని తగిలించాను. తెర నల్లగానే ఉండిపోయింది. అలవాటుగా ఫోన్‌లో "టీవీ ఖాదర్" అన్న పేరు దాకా వెళ్ళి ఆగాను. తర్వాత నెట్‌లో వెతికి, ముందు కనబడిన సర్వీసు నంబరుకు చేశాను.

ఎంత తియ్యగా మాట్లాడాడో! "మీ అకౌంటు బ్లాకయింది మేడమ్. నేను చెప్పే యాప్ వేసుకుని కార్డు నంబరు చెప్పండి, రెండు నిమిషాల్లో వచ్చేస్తుందండీ" అన్నాడు. కార్డు కోసం లేచాను కూడా.

అప్పుడు మీరు గుర్తొచ్చారు. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడు ఫోన్ చేసినా మీ మొదటి మాట ఒకటే: "ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో చూశారా అమ్మా?" టీచర్నైన నన్ను పట్టుకుని అదేం ప్రశ్నని నాకు ఒళ్ళు మండేది. తీరా చూస్తే సగం సార్లు ప్లగ్గే ఊడి ఉండేది. ఆ ఒక్క ప్రశ్నతో మీ బేరం మీరే పోగొట్టుకునేవారని నాకు ఆలస్యంగా తెలిసింది.

"ప్లగ్గు చూడమనవేం బాబూ?" అన్నాను.

"అవన్నీ ఎందుకు మేడమ్, ముందు కార్డు తియ్యండి" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. టీవీ వెనక చెయ్యి పెట్టి చూస్తే వైరు వదులుగా ఉంది. గట్టిగా నొక్కాను.

పనయ్యాక మీరు వంటింట్లో ఉన్న నాకు వినబడేలా "బొమ్మొచ్చిందమ్మా!" అని కేకేసేవారు. ఇవాళ టీవీ దగ్గర ఉన్నది నేనే. అయినా ఆ కేక వేశాను, వంటింటి వైపే తిరిగి.