లెక్కకు వచ్చి చేతికి రాని కామెంట్లు

చోడవరం

మా నరసమ్మ పిన్నికి,

ఝాన్సీ నమస్కారాలు. ఫోన్లో చెబితే ఏడుపొచ్చేస్తుందని రాస్తున్నాను. విశాఖలో ఉద్యోగం మానేసి, ఇంట్లోనే ఉండి తెలుగులో కంప్యూటర్ పాఠాల వీడియోలు పెడుతున్నాను కదా. ఊరూవాడా కామెంట్లు రాస్తున్నారు, నువ్వు తప్ప. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి. ఉద్యోగం మానడం నీకిష్టం లేదని తెలుసు, కానీ మరీ ఇంత మౌనమా? కోపం నాకూ వచ్చింది. ఈ ఆదివారం దేవరాపల్లిలో మీ ఇంటికి రావడం లేదు.

ఇక్కడ పని కూడా తిక్కతిక్కగానే ఉంది. వీడియోల కింది కామెంట్లను, ఆ వీడియోలు నడిపే కంపెనీ సర్వర్‌ని అడిగి తెచ్చి, నా వెబ్‌సైట్‌లో చూపించే ప్రోగ్రాం రాశాను. అది పన్నెండు కామెంట్లున్నాయంటుంది, తొమ్మిదే ఇస్తుంది. పోనీ తప్పయిందని కూడా ఒప్పుకోదు. మా ఆయన ప్రేమ్‌కుమార్‌కి ఇదంతా వేళాకోళం. "ఏటే, బోజనాలకి అందర్నీ పిలిసి కొందరికే ఇస్తరాకులేసినట్టుంది" అంటాడు. నాకు నవ్వు రావడం లేదు.

ఝాన్సీ


చోడవరం

పిన్నీ, నా బంగారు పిన్నీ,

నిన్న ఫోన్లో ఇద్దరం ఏడవడంతోనే సరిపోయింది, సంగతి సగమే చెప్పాను. ముందు ఆ ఉత్తరం చింపి పొయ్యిలో పడెయ్యి.

నా ప్రోగ్రాంలో తప్పేమోనని అంతా తిరగేశాను. ఎన్నిసార్లు అడిగినా ఆ మూడు కామెంట్లే తగ్గుతున్నాయి. చివరికి పేజీ సెట్టింగుల్లో, అభ్యంతరకరమని పక్కన దాచేసిన చోట దొరికాయి. అన్నీ నీవే! "ఒసే సచ్చినదానా, ముసిల్దాన్ని, నాకే అర్తమైపోయిందే! ఎంత బాగా సెప్పేవే గుంటా!" అది చదివి ప్రేమ్ చొక్కా తడిపేశాను. మన వైపు ఆ తిట్టు ముద్దని పాపం ఆ మిషనుకేం తెలుసు? బూతనుకుని, లెక్కలో ఉంచి, నాకివ్వకుండా దాచేసింది.

నిన్న ఈ మాట చెప్పగానే బెదిరిపోయినట్టున్నావు. కొత్త వీడియో కింద నువ్వు రాసింది ఇందాకే చూశాను. "శ్రీమతి ఝాన్సీ గారికి వందనములు. పాఠము బాగున్నది." అది మాత్రం వెంటనే వచ్చేసింది. చదువుతుంటే ఎవరో బ్యాంకు మేనేజరు రాసినట్టుంది. నాకొద్దు పిన్నీ. ఆ దాచే ఏర్పాటు తీసేశాను, ఇక నీ నోటికి అడ్డు లేదు. ఆదివారం మొదటి బస్సుకే వస్తున్నాను, గుమ్మంలోనే మొదలుపెట్టు.

ఇట్లు,
నీ సచ్చినది