రేడియేటరు ముందు గోనెపట్టా

22 డిసెంబరు 1998, మంగళవారం

మా టాక్సీల ఓనరు ఈ రోజు సత్తిబాబు గారిని పనిలోంచి తీసేశాడు. ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టిన మనిషిని, ఒక్క మాటతో. ఇది అన్యాయం. కరపత్రానికి మొదటి వాక్యం ఇదేననుకుని సాయంత్రం నుంచీ కూర్చున్నాను. రెండో వాక్యం రావడం లేదు.

మంచులో నేను తోలే డీజిలు కారు త్వరగా వేడెక్కాలని పొద్దున్నే రేడియేటరు ముందు గోనెపట్టా కట్టింది ఆయనే. తాళం నా చేతికిస్తూ, "రావులపాలెం దాకే సుమా. ఎండెక్కగానే విప్పెయ్యి. ఉపన్యాసంలో పడి మర్చిపోకు నాయనా" అని నవ్వారు.

మర్చిపోయాను. పాసింజర్లకి కార్మికుల హక్కుల గురించి చెబుతూ, ఇంజను వేడి చూపే సూది ఎర్రగీత దాటినా చూసుకోలేదు. పాలకొల్లు దాటాక ఇంజను పట్టేసింది.

సాయంత్రం షెడ్డులో ఓనరు, "ఆ పట్టా కట్టిందెవడు?" అన్నాడు.

"నేనేనండి" అన్నారు సత్తిబాబు గారు. నా వైపు చూడనైనా లేదు. విప్పాల్సింది నేనని నేనూ చెప్పలేదు.

వెళ్తూ వెళ్తూ ఆ పట్టా మడిచి నా చేతిలో పెట్టారు. "చలి ఇంకా నెలుంది. ఉంచుకో."

దాని నిండా మాడిన వాసన. పక్కనే పెట్టుకుని రాస్తున్నాను. ఇది అందరి ముందూ చదవగలనో లేదో...

రెండో వాక్యం: పట్టా విప్పనిది నేను. డ్రైవరు సోదరులారా, రేపు ఉదయం ఆరు గంటలకి షెడ్డు దగ్గరికి రండి. సత్తిబాబు గారిని కూడా తీసుకురండి.